లాలూచీ కుస్తీలో రచయిత పాలెంత?

ఆదివారం ఉదయం లోరోంగ్ 8లోని శ్రీ వైరవిమడ కాళియమ్మన్ గుడికి వెళ్ళి, దర్శనమయ్యాక దగ్గరలోని హాకర్ సెంటర్‌లో కాసేపు కూర్చుని కోపి తాగడం టోవా పాయోలో మాకు తెలిసిన కొన్ని కుటుంబాలకు అలవాటు. అలా కూర్చున్న ఒక ఆదివారం మా బల్ల దగ్గర మూడు తరాలవాళ్ళు వాదులాడుకున్నారు. పదిహేనేళ్ళ కుర్రవాడు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. కారణం అడిగితే, తనకిష్టమైన మల్లుడు టెలివిజను కుస్తీలో ఓడిపోయాడట. "స్క్రిప్టు రాసేవాళ్ళు పాడుచేశారు" అన్నాడు. తండ్రి ఇంజనీరు. "గెలుపోటములు ముందే రాసిపెట్టుకున్న ఆటకి ఏడుపేమిట్రా?" అని నవ్వాడు. కుర్రవాడు తల ఎత్తి, "రాసిపెట్టుకున్నదని నాకూ తెలుసు నాన్నా. సరిగా రాయలేదనే నా గొడవ" అన్నాడు.

గుడివాడ నుంచి చూసిపోదామని వచ్చిన తాతగారు అంతవరకు మాట్లాడలేదు. అప్పుడు కప్పు కింద పెట్టి, "వాడన్నదే సబబురా అబ్బాయ్. రాయబారానికెళ్ళిన కృష్ణుడు సంధి కుదుర్చుకొస్తాడేమోనని టిక్కెట్టు కొనుక్కుని నాటకం చూసినవాడు ఎవడున్నాడు?" అన్నారు.

ఆ మాటతో తగువు తీరలేదు, అసలు ప్రశ్న బయటపడింది. ముందే రాసుకున్న కుస్తీ బాగుంటే మెచ్చుకోవలసింది ఎవరిని? చెడితే తిట్టవలసింది ఎవరిని? కాగితం మీద రాసినవాడినా, గోదాలో ఒళ్ళు విరుచుకున్నవాడినా, డబ్బుపెట్టి ఇద్దరినీ నడిపించినవాడినా? ఉగాదికొకటి, దీపావళికొకటి చొప్పున మన సంఘం వేదికకు హాస్యనాటికలు రాసిపెట్టే మాకు ఈ ప్రశ్న పరాయిది కాదు. అందుకే కొంత ఆలోచించి మాకు తోచింది ఇక్కడ రాస్తున్నాము.

ముందు మాట గురించి. మన పత్రికలలో 'లాలూచీ కుస్తీ' అన్నది రాజకీయ నాయకులను ఎత్తిపొడవడానికి వాడే మాట. పైకి కొట్టుకుంటూ లోపల చేతులు కలిపారని దాని అర్థం. ఆ మాటలోనే తీర్పు ఉంది. కొట్టుకోవలసిన ఇద్దరు కుమ్మక్కై చూసేవాణ్ణి మోసం చేశారని. అయితే చూసేవాడికి సంగతంతా ముందే తెలిసినప్పుడు మోసం ఎక్కడుంది? 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలిలోని బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. కంపెనీ ప్రదర్శన జరిగింది. జాన్ సీనా గోదాలోకి దిగాడు, ఆయన జట్టు గెలిచింది. గెలుస్తుందని తెలిసే జనం వచ్చారు. తెలిసే అరిచారు. అక్కడ మోసపోయినవాళ్ళెవరూ లేరు.

సింగపూరుకు కూడా ఈ వ్యవహారం కొత్తది కాదు. ఇప్పుడు కిమ్ సెంగ్ రోడ్డులో అంగళ్ళ సముదాయం ఉన్నచోట ఒకప్పుడు గ్రేట్ వరల్డ్ అనే వినోద ఉద్యానం ఉండేది. గేలాంగ్ దగ్గర హ్యాపీ వరల్డ్ ఉండేది. అక్కడ ఒకవైపు నాట్యం, ఒకవైపు సినిమా, మరోవైపు బాక్సింగు, కుస్తీ. 1940ల చివర పంజాబు నుంచి వచ్చిన ఒక యువకుడు ఈ ఊళ్ళో డ్రమ్ములు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తూ గ్రేట్ వరల్డ్‌లో కుస్తీ సాధన చేశాడు. అతనే దారాసింగ్. 1987లో దూరదర్శన్ రామాయణంలో హనుమంతుడై ఇంటింటా దండాలందుకున్నవాడు. ఆయన ప్రత్యర్థులలో పేరుమోసినవాడు ఎమిలీ సాయా. 'కింగ్‌కాంగ్' అంటేనే జనానికి తెలుసు. హంగరీకి చెందిన ఆ భారీ మనిషి సింగపూరునే నివాసం చేసుకుని, 1970లో కారు ప్రమాదం తరువాత ఇక్కడే కన్నుమూశాడు.

ఆ కుస్తీలలో ఏది నిజం, ఏది ఏర్పాటు అన్నది ఇక్కడ మా చర్చ కాదు. మేము గమనించమనేది ఒక్కటే. ఆ రోజుల్లో 'రచయిత' అనేవాడు లేడు. పోటీలు కుదిర్చే ప్రమోటరు ఉండేవాడు. కథంతా గోడమీది పోస్టరులోనే ఉండేది. ఒకవైపు కింగ్‌కాంగ్ అన్న పేరు, ఆ పొట్ట, ఆ గడ్డం. మరోవైపు నిటారుగా నిలబడిన దారాసింగ్. చూసేవాడు ఎవరి పక్షాన ఉండాలో ఒక్క వాక్యం రాయకుండానే తేలిపోయేది. ఎవడు ఏ దేశంవాడు, ఎలా కనబడతాడు అన్నదే కథ. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాము.

కుట్టిన నోరు విప్పింది 1989లో. అమెరికాలో ఈ కంపెనీ అప్పటికి డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూజెర్సీ శాసనసభ్యుల ముందు కంపెనీవారు తమది పోటీ క్రీడ కాదనీ, వినోదమనీ ఒప్పుకున్నారు. క్రీడ అయితే ప్రభుత్వ సంఘం పర్యవేక్షణ, రుసుములు ఉంటాయి. వినోదమైతే ఆ బాధ లేదు. రహస్యం కాపాడుకోవడం కన్న ఖర్చు తగ్గించుకోవడం లాభమనుకున్నారు. నిజం ఇలా లెక్కల పుస్తకం గుండా బయటపడింది. ఆ తరువాత టెలివిజను సీరియళ్ళకు మల్లే రచయితల బృందాలు ఏర్పడ్డాయి. 2025లో వచ్చిన 'అన్‌రియల్' అనే డాక్యుమెంటరీలో ఆ రచయితల గదిలోకే కెమెరా వెళ్ళింది. ఇవాళ మన కుర్రవాడు ఓడిన మల్లుణ్ణి వదిలి రచయితను తిడుతున్నాడంటే కారణం ఇదే. తెర వెనుక మనిషి వాడికి కనిపిస్తున్నాడు.

కనిపించినవాడి మీదనే భారమంతా వేయడం న్యాయమేనా? పని ఎలా జరుగుతుందో చూడాలి. రచయితల బృందం వారం వారం కథ రాస్తుంది. ఎవరికి ఎవరితో పగ, ఎవరు ఎవరిని నమ్మి మోసపోతారు, మైకు పట్టుకుని ఎవరేం మాట్లాడాలి అన్నది వారి పని. దానిని ఒప్పుకోవడం, చించి పారేయడం యజమాని చేతిలో ఉంటుంది. అనేక ఏళ్ళపాటు ఆ చెయ్యి విన్స్ మెక్‌మహన్‌ది. ప్రదర్శన మొదలయ్యే గంట ముందు కథ మార్చిన సందర్భాలు కోకొల్లలని అక్కడ పనిచేసినవారే చెప్పారు. 2022 నుంచి ఆ బాధ్యత ఒకప్పటి మల్లుడు, ట్రిపుల్ హెచ్ అనే పాల్ లెవెస్క్ చూస్తున్నాడు. ఇక గోదాలో జరిగే పట్లు, విసుర్లు సాధారణంగా రచయితలు రాయరు. పాతకాలపు మల్లులు కొందరు ప్రయోక్తలుగా ఉండి, ఆడబోయే ఇద్దరితో కూర్చుని కుదురుస్తారు. గోదాలోకి దిగాక ఇద్దరూ చెవిలో చెప్పుకుంటూ మార్చుకుంటారు. అవసరమైతే రిఫరీ వార్త మోస్తాడు. అన్నిటికీ మించి జనం ఉన్నారు. వాళ్ళు అరవకపోతే అన్నీ వృథా.

మన పద్యనాటకం ఎరిగినవారికి ఈ పంపకం వింతగా ఉండదు. 'పాండవోద్యోగ విజయాలు' తిరుపతి వేంకట కవులు రాశారు. కాని జనం పోయింది పీసపాటి వారి కృష్ణుణ్ణి చూడడానికి, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుణ్ణి వినడానికి. పద్యం కవిది. రాగం నటుడిది. 'వన్స్‌మోర్' జనానిది. డబ్బు కాంట్రాక్టరుది. ఆ రాత్రి నాటకం పండితే నటుడికి దండలు పడేవి. ఎండితే కాంట్రాక్టరుకు తిట్లు. కవిని ఎవరూ తిట్టలేదు, ఎవరూ వెతికి పట్టుకుని పొగిడిందీ లేదు.

సినిమాలోనూ అంతే. 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ' తీసుకోండి. కులం పేరుతో కర్ణుణ్ణి పక్కకు నెట్టినప్పుడు దుర్యోధనుడు సభలో నిలదీసే ఘట్టం మన సంఘం పిక్నిక్కులో ఇద్దరైనా కంఠతా అప్పజెప్పకుండా ఉండరు. అప్పజెప్పేటప్పుడు గొంతు రామారావు గారిది తెచ్చుకుంటారు. ఆ మాటలు రాసిన కొండవీటి వేంకటకవి పేరు అడిగితే ఎందరు చెప్పగలరు? అయితే ఒక్క సంగతి. ఆయన దుర్యోధనుణ్ణి మంచివాడిగా మార్చలేదు. అతని కోపానికి ఒక న్యాయమైన కారణం చూపించాడు. అంతే, ప్రతినాయకుడికి జనం ఈలలు వేశారు. రచయిత పని ఏమిటో, దాని బలం ఎంతో ఇక్కడ తెలుస్తుంది.

దీనినే కుస్తీకి అన్వయించి చూద్దాము. భారతం విరాటపర్వంలో భీముడు వంటవాడి వేషంలో రెండు మల్లయుద్ధాలు చేస్తాడు. ఒకటి ఉత్సవంలో, జీమూతుడనే మల్లుడితో. రెండోది చీకట్లో, నర్తనశాలలో, కీచకుడితో. రెండింటిలోనూ భీముడే గెలుస్తాడు, రెండింటిలోనూ ఎదుటివాడు చస్తాడు. పట్లు, గుద్దులు, ఈడ్పులు రెండింటిలోనూ ఉన్నాయి. కాని జీమూతుడి పేరు మనలో ఎంతమందికి గుర్తుంది? కీచకుడు మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు. తేడా కండలో లేదు. జీమూతుడితో భీముడికి పగ లేదు. కీచకుడి వెనుక ద్రౌపది కన్నీళ్ళున్నాయి, నిండు సభలో ఆమెకు జరిగిన అవమానం ఉంది, చూస్తూ ఊరుకోవలసి వచ్చిన భర్తల నిస్సహాయత ఉంది. నర్తనశాల తలుపు మూసుకునే సరికే వినేవాడి పిడికిలి బిగిసి ఉంటుంది.

కొట్లాటకు కారణం పుట్టించడమే రచయిత పని. ఇదే మా సిద్ధాంతం. బలం మల్లుడిది, అవకాశం యజమానిది, కేక జనానిది, కారణం రచయితది. పొగిడినా తిట్టినా అంతమేరకే అతని వాటా.

ముందు పొగడ్త సంగతి. ప్యాట్ ప్యాటర్సన్ అనే పాతకాలపు మల్లుడు ముప్ఫైమంది వరకు ఒకరి తరువాత ఒకరు గోదాలోకి వచ్చే 'రాయల్ రంబుల్' పోటీని ఊహించాడు. 1988లో మొదలైన ఆ పోటీ ఇవాళ్టికీ ఏటేటా జరుగుతోంది. ఎవరు వస్తారో అన్న ఉత్కంఠను గడియారానికి కట్టిన ఆలోచన అది. దాని ఘనత ఆయనకు పూర్తిగా చెల్లుతుంది.

కాని రచయితలకు చెల్లని పొగడ్త కూడా ఉంది. 2014 జనవరి 26న పిట్స్‌బర్గ్‌లో జరిగిన రాయల్ రంబుల్‌లో బటిస్టా అనే భారీ మల్లుణ్ణి గెలిపించారు. జనం కోరుకున్నది డేనియల్ బ్రయన్‌ను. అతను పొట్టివాడు, గడ్డంవాడు, పనితనం గలవాడు. అతణ్ణి ఆ పోటీలోనే పెట్టలేదు. హాలు హాలంతా గేలిచేసింది. వారాల తరబడి ప్రతి ఊళ్ళోనూ అదే గోల. చివరికి కథ మార్చక తప్పలేదు. ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్‌లో బ్రయన్ ఒకే రాత్రి ముగ్గురిని దాటి ఛాంపియన్ అయ్యాడు. ఆ రాత్రి కథ అద్భుతమని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలో పెద్ద వాటా టిక్కెట్టు కొన్నవాళ్ళదే. రచయితలు చివరికి విన్నారు. వినడం కూడా ఒక గుణమే, కాదనము.

తిట్ల సంగతికి వద్దాము. కుస్తీ అభిమానులను ఎవరినడిగినా మొదట చెప్పే పేరు విన్స్ రూసో. డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్.లో మంచి రోజులు చూసిన రచయిత. 1999 అక్టోబరులో పోటీ కంపెనీ డబ్ల్యు.సి.డబ్ల్యు.కి వెళ్ళాడు. 2000 ఏప్రిల్‌లో డేవిడ్ ఆర్కెట్ అనే సినిమా నటుడి నడుముకు ఛాంపియన్ బెల్టు కట్టించారు. 2001 మార్చిలో ఆ కంపెనీని ప్రత్యర్థి కొనేసింది. "రూసో ముంచాడు" అన్నది లోకోక్తి అయిపోయింది. నటుడికి బెల్టు కట్టడం తప్పే. ఇరవై ఏళ్ళు నడుము విరగ్గొట్టుకున్నవాళ్ళ ముందు అది అవమానమే. కాని కంపెనీ మునగడానికి అతనొక్కడే కారణమా? అతను వచ్చేనాటికే అక్కడ ప్రేక్షకులు తగ్గిపోతున్నారు. పెద్ద తారలకు రాసిచ్చిన భారీ ఒప్పందాలు రచయిత రాసినవి కావు. యాజమాన్యం ఏ.ఓ.ఎల్. టైమ్ వార్నర్ చేతికి వెళ్ళాక, తమ ఛానెళ్ళలో కుస్తీయే వద్దని తీర్మానించింది పై అధికారులు. వాన పడక చేను ఎండితే పాలేరును కొట్టినట్టు ఉంటుంది, తప్పంతా రచయితదే అనడం.

ఇంతవరకు చెప్పింది ఆటకు సంబంధించిన తప్పొప్పులు. మనసు నొచ్చేది ఇకముందుంది.

2004 చివర డబ్ల్యు.డబ్ల్యు.ఇ. ఒక కొత్త పాత్రను ప్రవేశపెట్టింది. పేరు ముహమ్మద్ హసన్. వేసిన నటుడు మార్క్ కొపాని, ఇటాలియన్ మూలాలున్న అమెరికన్. ఆ పాత్ర చెప్పే మాట ఏమిటంటే, "నేను ఇక్కడే పుట్టాను, 2001 సెప్టెంబరు తరువాత నన్ను దొంగచూపులు చూస్తున్నారు, ఇది అన్యాయం" అని. అందులో అబద్ధం ఏముంది? నిజమైన బాధ అది. కాని ఆ మాట చెప్పేవాణ్ణి రచయితలు ప్రతినాయకుడిగా నిలబెట్టారు. నన్ను అవమానిస్తున్నారని చెప్పుకోవడమే అతని నేరం. జనం ఆ నేరానికి గేలిచేయాలి. 2005 జూలై 4న చిత్రీకరించిన ఘట్టంలో హసన్ మోకాళ్ళ మీద ప్రార్థన చేయగానే ముసుగులు వేసుకున్న మనుషులు వచ్చి అండర్‌టేకర్ మీద దాడిచేస్తారు. అది ప్రసారమైంది జూలై 7న. అదే రోజు ఉదయం లండన్‌లో బాంబులు పేలాయి. గగ్గోలు పుట్టింది. టెలివిజను సంస్థ ఆ పాత్ర తమ తెర మీద కనపడరాదంది. జూలై 24న ఓడించి సాగనంపారు. కొపాని కుస్తీ జీవితం ఆ వేసవితో దాదాపు ముగిసిపోయింది. తరువాత ఆయన ఉపాధ్యాయవృత్తిలోకి వెళ్ళాడు. ఆ ఘట్టాన్ని ఆమోదించిన యజమాని మాత్రం తన కుర్చీలోనే ఉన్నాడు.

ఇందులో ఎవరి పాలెంత? నటుడు ఒప్పుకుని వేశాడు, నిజమే. కాని కొత్తగా వచ్చినవాడికి 'వెయ్యను' అనే స్వతంత్రం ఎంత ఉంటుందో ఉద్యోగాలు చేసుకునే మనకు ఒకరు చెప్పనక్కరలేదు. యజమాని సంతకం పెట్టాడు. అయితే కారణం పుట్టించడం రచయిత పని అన్నాము గదా, ఇక్కడ పుట్టించిన కారణం ఏమిటి? ఒక మనిషి పుట్టుక. దానికి ఊహ అక్కరలేదు, పోస్టరు చాలు. గ్రేట్ వరల్డ్ నాటి గోడమీది బొమ్మకూ దీనికీ తేడా ఏమిటని అడిగితే, ఆ రోజుల్లో రచయిత లేడు, ఈ రోజుల్లో గదినిండా ఉన్నారు అన్నదే తేడా. అందుకే ఈ తప్పు బరువెక్కువ.

ఇది ఒక్కసారి జరిగిన పొరపాటూ కాదు. ఇరానులో నిజమైన కుస్తీ నేర్చి అమెరికా చేరిన హొస్సేన్ వజీరీని 'ఐరన్ షేక్' చేసి, 1983 డిసెంబరు 26న ఛాంపియన్ను చేసి, నాలుగు వారాలకే, 1984 జనవరి 23న హల్క్ హొగన్ చేత ఓడించారు. విదేశీయుడి మెడలో బెల్టు వేసేది స్వదేశీయుడు లాక్కోవడానికే అన్నది అక్కడి పాత సూత్రం.

2017లో ఆ సూత్రం మన గుమ్మంలోకి వచ్చింది. కెనడాలో పుట్టిన పంజాబీ, యువరాజ్ సింగ్ ధేసి, గోదాలో 'జిందర్ మహల్'. ఆ ఏడాది మే 21న ర్యాండీ ఆర్టన్‌ను ఓడించి ప్రధాన ఛాంపియన్ అయ్యాడు. భారతదేశంలో వ్యాపారం పెంచుకోవాలన్న కోరిక కంపెనీకి అప్పుడు బలంగా ఉంది. తలపాగా చుట్టుకుని గోదాలోకి వచ్చి, నేను వేరుగా కనబడతాను గనుకనే మీరు గేలిచేస్తున్నారు అని జనాన్ని దెప్పేవాడు. మళ్ళీ అదే కథ. నిజమైన మాట, చెడ్డవాడి నోట. సెప్టెంబరులో ప్రత్యర్థి నకమురా మీద జపానువాళ్ళ ముఖాన్ని, ఉచ్చారణను వెక్కిరించే మాటలు అతని చేత చెప్పించారు. ఒక వలసవాడి చేత మరో వలసవాణ్ణి తిట్టించారన్నమాట. హాలులోని జనమే ఇది మరీ ఎక్కువైందని అరిచారు. నవంబరు 7న మాంచెస్టరులో బెల్టు పోయింది. డిసెంబరు 9న న్యూఢిల్లీలో, తనను చూడడానికి వచ్చారనుకున్న జనం ముందే, ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడిపోయాడు.

మన హాకర్ సెంటర్ కుర్రవాడికి అప్పుడు ఏడేళ్ళు. వాళ్ళ నాన్న చెప్పగా మాకు తెలిసింది. జిందర్ వచ్చినప్పుడల్లా పిల్లవాడు సోఫా ఎక్కి చప్పట్లు కొట్టేవాడట. తెర మీద వేలమంది గేలిచేస్తుంటే ఒకసారి, "నాన్నా, ఆయన మనవాడు కదా, అందరూ ఎందుకు తిడుతున్నారు?" అని అడిగాడట. తండ్రి, "అది కథరా" అని ఊరుకున్నాడు. అంతకన్న ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. మాకూ తోచేది కాదేమో. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు ఆ కారణాన్ని కాగితం మీద పెట్టినవాడు.

కనుక 'అంతా నాటకమే గదా' అని కొట్టివేసే పెద్దలతో మేము ఏకీభవించము. నాటకం కాబట్టే అడగాలి. నిజమైన పోటీలో మంచివాడు ఓడితే అది విధి. రాసిన పోటీలో ఓడితే అది ఒకరి నిర్ణయం. నిర్ణయానికి బాధ్యులు ఉంటారు. కొన్నిసార్లు ఆ నిర్ణయం ప్రాణం మీదికి కూడా వస్తుంది. 1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే మల్లుణ్ణి హాలు పైకప్పు నుంచి తాడుతో గోదాలోకి దించే ఘట్టం పెట్టారు. కొక్కెం ఊడి కింద పడి ఆయన మరణించాడు. ఆ రాత్రి ప్రదర్శన ఆపలేదు. తాడు కట్టినవారి తప్పు, యాజమాన్యం తప్పు కోర్టు వ్యవహారంలో తేలవలసినవి, పరిహారంతో తేలాయి. కాని నవ్వు కోసం ఒక మనిషిని ఆకాశం నుంచి దించాలన్న ఊహ ముందు ఎవరికో ఒకరికి వచ్చి ఉండాలి. కాగితం మీద ఎవరూ కింద పడరు. అందుకే కాగితం దగ్గర కూర్చున్నవాడు ఎక్కువ భయపడాలి.

ఇంత చెప్పి మా సంగతి దాచడం ధర్మం కాదు. కొన్నేళ్ళ కిందట మన ఉగాది వేదిక కోసం మేమొక హాస్యనాటిక రాశాము. అందులో ఊరినుంచి కొత్తగా వచ్చి ఓడల మరమ్మతు యార్డులో పనిచేసే ఒక తెలుగు కూలీ పాత్ర ఉంది. అతను ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతాడు, ఎం.ఆర్.టి.లో దారి తప్పుతాడు, ఇంగ్లీషు తప్పు పలుకుతాడు. హాలు ఘొల్లున నవ్వింది. మాకు శాలువా కప్పారు. ఆ పాత్ర వేసిన సభ్యుణ్ణి ఆ తరువాత ఏడాదిపాటు అందరూ ఆ పాత్ర పేరుతోనే పిలిచి నవ్వారు. ఆయన పైకి నవ్వేవాడు. మరుసటి ఉగాదికి వేషం ఇస్తామంటే, "వద్దులెండి సార్, మా పాప స్కూల్లో స్నేహితులు నన్నలాగే పిలుస్తున్నారట" అన్నాడు. హాలు వెనుక వరుసలో నిజమైన యార్డు కార్మికులు నలుగురు కూర్చున్నారనీ, సగంలో లేచిపోయారనీ మాకు ఆ తరువాతే తెలిసింది.

తప్పు ఎవరిది? నటుడు బాగా చేశాడు. జనం నవ్వారు. కార్యవర్గం ఆమోదించింది. అందరికీ తలా కొంత పంచవచ్చు. కాని ఆ నవ్వుకు కారణం పుట్టించింది మేము. అతని యాసను, అతని పేదరికాన్ని కారణం చేశాము. దారి తప్పడం హాస్యమే, ఎవరైనా తప్పవచ్చు. పదిహేనేళ్ళుగా ఉంటున్న ఇంజనీరు తప్పినా నవ్వు వచ్చేది. మేము అంత కష్టపడలేదు. పోస్టరు రాశాము, నాటిక అనుకున్నాము. శాలువా మాకు వచ్చింది, ముద్ర ఆయనకు పడింది. కొపానికి జరిగినది చిన్న ఎత్తున టోవా పాయోలోనూ జరిగింది.

అందుచేత కుస్తీ చూసే పిల్లలకు, నాటికలు రాసే పెద్దలకు మూడు ప్రశ్నలు పెడుతున్నాము. వీళ్ళెందుకు కొట్టుకుంటున్నారు? ఆ కారణం వాళ్ళు చేసిన పని నుంచి పుట్టిందా, వాళ్ళ పుట్టుక నుంచి పుట్టిందా? కథ చెడితే దాని ఖరీదు ఎవరు కడతారు, రాసినవాడా, ఆడినవాడా? మొదటి ప్రశ్నకు మంచి జవాబు ఉంటే రచయితను పొగడండి, మల్లుణ్ణి పొగిడిన తరువాత. రెండో ప్రశ్నకు జవాబు పుట్టుక అయితే రచయితను తిట్టండి, అతని పైన సంతకం పెట్టినవాణ్ణి తిట్టిన తరువాత. మూడో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ దాదాపు ఒకటే, అందుకే దానిని మరవకూడదు.

ఇక ఆ ఆదివారం తగువు. కుర్రవాడు చెప్పిన కథంతా విని తాతగారు, "అయితే మీవాడు ఓడినందుకు కాదురా నీ బాధ. ఎందుకు ఓడాడో వాళ్ళు చెప్పనందుకు" అన్నారు. కుర్రవాడు ఒప్పుకున్నాడు. తండ్రి లేచి ఇంకో మూడు కోపీలు తెచ్చాడు. ఈసారి నవ్వలేదు, కూర్చుని, "మొదటినుంచి చెప్పు" అన్నాడు.

వచ్చే ఉగాదికి మేము కొత్త నాటిక రాస్తున్నాము. ప్రతి సభ్యుడి ఇంటికీ ముందుగా ప్రతి పంపుతాము. వేషం వేయబోయేవారు అందరికన్న ముందు చదవాలని, నచ్చని మాట కొట్టివేయాలని మా మనవి.